తొమ్మిదో నంబరు గోడ

సోమవారం ఉదయం కంప్యూటరు తెరవగానే అర్జునరావుకి ఉత్తరం వచ్చి ఉంటుంది. "డియర్ అర్జునరావ్, మీ పేరు మీద పద్నాలుగు ప్రమాదాలు ఉన్నాయి" అని ఇంగ్లీషులో మొదలవుతుంది. అర్జునరావు పోయి మూడున్నరేళ్ళయింది. ఆ ఉత్తరం చదివేది అతని భార్య సూర్యకళ.

మనిషి పోయాడంటే చాలు, ఫ్యాక్టరీకి ఎక్కడలేని చురుకు పుట్టుకొస్తుంది. అతని గేటు పాసు వెనక్కి తీసుకున్నారు. క్యాంటీన్ కార్డు రద్దు చేశారు. లాకరు తాళం పగలగొట్టి, అందులో ఉన్న తువ్వాలూ పాత చెప్పులూ అట్టపెట్టెలో పెట్టి ఇంటికి పంపారు. పదిహేను రోజుల్లో అన్ని సెక్షన్లూ అతన్ని శుభ్రంగా వదిలించుకున్నాయి. సేఫ్టీ సెక్షన్‌లోని సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఎవరూ కబురు చెప్పలేదు.

మల్కాపురం దాటాక రోడ్డు పక్కనున్న ఆ కెమికల్ ఫ్యాక్టరీలోకి సాఫ్ట్‌వేర్ వచ్చింది రెండువేల సంవత్సరంలో. అంతకుముందు ప్రమాదాల అంచనా అంటే నాలుగు లావుపాటి రిజిస్టర్లు. వాటిని ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున దుమ్ము దులిపి బల్ల మీద పెట్టేవారు, ఆయన వెళ్ళగానే బీరువాలోకి తోసేవారు. హైదరాబాదు నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, ఆ రిజిస్టర్లలోని ఆరువందల చిల్లర ప్రమాదాలనూ కంప్యూటర్లోకి ఎక్కించి వెళ్ళారు. ఎక్కడ, ఏం జరగొచ్చు, ఎవరికి దెబ్బ, ఎంత దెబ్బ. చివరి గడిలో ఆ ప్రమాదానికి ఓనర్ ఎవరు. ఓనర్ ఆరు నెలలకోసారి ఆ చోటికి వెళ్ళి కళ్ళారా చూసి రావాలి. అంతా మునుపటిలాగే ఉంటే 'నో ఛేంజ్' అనీ, తేడా ఉంటే 'ఛేంజ్' అనీ నొక్కాలి. గడువు దాటితే ఆ వరస ఎర్రబడుతుంది. నొక్కితే పచ్చబడుతుంది. ప్రతి సోమవారం ఓనర్ల పేర్లతో సాఫ్ట్‌వేర్ పంపే ఉత్తరాలన్నీ సేఫ్టీ సెక్షన్ కంప్యూటరులోకే వస్తాయి.

చూసి నొక్కమని ఆ కుర్రాళ్ళు మరీమరీ చెప్పారు. వాళ్ళు అటు రైలెక్కారో లేదో, చూడటం పోయి నొక్కడం మిగిలింది. పెద్ద పెద్ద ఇంజినీర్లు భోజనం చేసి వచ్చి, తేన్చుకుంటూ, పాతిక ప్రమాదాలకు ఒకే కునుకులో 'నో ఛేంజ్' నొక్కేసేవారు.

వెళ్ళి చూసే పిచ్చివాడు ఒక్కడే, అర్జునరావు. యాసిడ్ ట్యాంకుల దగ్గర మెయింటెనెన్సు మనిషి. అతనికి ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని రిమార్కుల గడిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాడు, అదీ తను మాట్లాడే తెలుగే. సేఫ్టీ మేనేజరు కృష్ణంరాజు ఓసారి పట్టుకున్నారు. "ఇది ఆడిట్ వాళ్ళు చదవాలయ్యా!" అన్నారు. "నాను సదివి సెప్తాను సార్, రమ్మనండి," అన్నాడట అర్జునరావు. ఆయన నవ్వేసి ఊరుకున్నారు.

రెండువేల రెండు నవంబరులో అతనికి జ్వరం వచ్చింది. మలేరియా మెదడుకెక్కిందన్నారు. ఐదో రోజుకి మనిషి లేడు. పిల్లలు లేరు. ఇంటర్ చదివి, టైపు లోయరు పాసైన సూర్యకళకు ఫ్యాక్టరీ వాళ్ళు సేఫ్టీ సెక్షన్‌లో ఉద్యోగమిచ్చారు. గాజువాకలో ఒంటిగది, పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. మధ్యలో మెట్ల కింద ఒక చిన్న గది, అందులో ఒక బల్ల, ఆ కంప్యూటరు. ఆ గదిలోకి పనుండి వచ్చేవాళ్ళే తప్ప ఊరికే వచ్చేవాళ్ళు లేరు. మొదట్లో జాలిపడి పలకరించినవాళ్ళు కూడా, ఆరు నెలలు తిరిగేసరికి తలుపు దగ్గర నుంచే కాగితాలు చాచి వెళ్ళిపోయేవారు. కొన్ని రోజులైతే బస్సులో కండక్టరుతో తప్ప ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఉద్యోగంలో చేరిన మొదటి వారమే కృష్ణంరాజు ఆమెకు పని అప్పజెప్పారు. "ఎర్రగా ఉన్నవన్నీ ఎవరివో చూసి, వాళ్ళకి ఫోన్ చేసి పచ్చగా చేయించండమ్మా. మీ పని అదే."

ఆమె వరసగా చూసుకుంటూ వచ్చింది. అందరికంటే ఎక్కువ ఎర్రగా ఉన్నవి పద్నాలుగు. ఓనర్ గడిలో అర్జునరావు పేరు. ఎవరికి ఫోన్ చేస్తుంది?

సార్‌కి చెబితే ఒక్క నిమిషంలో ఆ పేరు చెరిపేసి ఇంకొకరిది పెట్టేస్తారు. ఆ పేరుతోబాటు ఆ రిమార్కులూ తెర మీంచి పోతాయి. ఓనర్ మారితే పాత రిమార్కులు వెనక ఎక్కడో గిడ్డంగిలోకి పోతాయనీ, హైదరాబాదు వాళ్ళు తప్ప ఎవరూ తీయలేరనీ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. ఆమె తొమ్మిదో నంబరు తెరిచింది. యాసిడ్ ట్యాంకుల వెనక గోడ. దాని కింద అతని మాట:

"ఈ గోడ పక్కన మనుసులెవులూ కూకోరు. నాను సూసినాను."

అచ్చం అతను పక్కన నిలబడి చెప్పినట్టే వినబడింది. సూర్యకళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అతని ఫోటో ఉంది, చొక్కాలున్నాయి. కానీ మాట మిగిలింది ఇక్కడ ఒక్కచోటే.

అందరి పాస్‌వర్డులూ బల్ల అద్దం కింద చీటీ మీద రాసి ఉండేవి. అది ఆ సెక్షన్ ఆచారం. అర్జునరావుది అతని స్కూటరు నంబరు. ఆమె ఆ నంబరు కొట్టింది, 'నో ఛేంజ్' నొక్కింది. ఎరుపు పచ్చబడింది. ఒక్కసారే అన్నీ నొక్కేస్తే అయిపోతాయని, సోమవారానికి ఒకటి చొప్పున దాచుకుని నొక్కుకుంది. అలా మొదలై, మూడేళ్ళు గడిచిపోయాయి. సోమవారం ఉత్తరం రావడం, అతని మాట రెండుసార్లు చదువుకోవడం, స్కూటరు నంబరు కొట్టి అతని పేరుతో లోపలికి వెళ్ళి ఒకటి నొక్కడం. వారంలో ఆమె ఎదురుచూసేది దానికోసమే. సెక్షన్‌లో అందరూ నొక్కేదే తనూ నొక్కుతోంది, తప్పేముంది అనుకుంది.

రెండువేల ఆరు మే నెలలో తొమ్మిదో నంబరు మళ్ళీ వచ్చింది. సోమవారం నొక్కింది. అది ఏడోసారి.

గురువారం మధ్యాహ్నం పోతమ్మ గది ఊడవడానికి వచ్చింది. పోతమ్మది సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ కుటుంబం. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద ఊడ్చే పదకొండు మంది ఆడవాళ్ళలో ఒకతె. ఆ రోజు ఆమె కళ్ళు మిరపకాయల్లా ఎర్రగా ఉన్నాయి. చీపురు పట్టుకుని నాలుగు అడుగులకోసారి ఆగి దగ్గుతోంది.

"ఏటయింది పోతమ్మా?"

"ఏటవుతాదమ్మా, ఆ పొగ. అన్నం తింతన్నాం, తెల్లగా మీదకొచ్చేసింది. ఊపిరాడ్నేదు. లేసి లగెత్తేం. సిలకమ్మ కాలవలో పడిపోనాది, సెయ్యి ఇరిగినాది. ఆస్పత్రికి ఎల్లినాది."

"ఎక్కడ కూకున్నారు?"

"ట్యాంకీల ఎనకాతల గోడ నేదూ? దాని నీడలోన. ఏడాదై అక్కడే కూకుంతన్నాం. మా సెడ్డు రోడ్డుకోసం కొట్టీసినారు గదా. ఈ ఎండల్లో ఇంకెక్కడ కూకోమంతారు సెప్పు!" పోతమ్మ చీపురు గోడకి ఆనించి ఆమె వైపు చూసింది. "నువ్వు సేఫ్టీలో ఉన్నావు గదమ్మా, నీకు తెల్దా?"

అడగడంలో నిష్ఠూరమేమీ లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. సూర్యకళ కుర్చీ వెనక్కి తోసింది. లేచి, మేకుకు వేలాడుతున్న సెక్షన్ హెల్మెట్ తీసి పెట్టుకుని బయటికి నడిచింది.

మూడేళ్ళుగా ఈ ఫ్యాక్టరీలో ఉంటోంది గానీ, ఆఫీసు మెట్లు దాటి లోపలికి వెళ్ళడం అదే మొదలు. ఆరువందల ప్రమాదాలూ నంబర్లతో సహా చెప్పగలదు, ఒక్కటీ చూడలేదు. దారి అడుక్కుంటూ యాసిడ్ ట్యాంకుల దగ్గరికి వెళ్ళింది. పంపుల దగ్గర ఆపరేటరు తాతబాబు ఆమెను చూసి గబగబా ఎదురొచ్చాడు. అర్జునరావుని బావా అని పిలిచేవాడు, అందుకని ఆమె అతనికి చెల్లెలు.

"ఏటి సెల్లెమ్మా, ఇటొచ్చేసినావు? ఇక్కడికి నువ్వు రాకూడదు."

"ఆ గోడ చూడాలన్నయ్యా."

గోడ మామూలు గోడే. దాని నీడలో ఇంకా అన్నం గిన్నెలు బోర్లాపడి ఉన్నాయి. పప్పన్నం మీద చీమలు పట్టాయి. ఒక కాలి చెప్పు కాలవ పక్కన పడి ఉంది. తలెత్తితే ట్యాంకు మీది గొట్టం సరిగ్గా గోడవైపే వంగి ఉంది.

"లారీలోంచి యాసిడ్ ట్యాంకులోకి తోడతన్నపుడల్లా అందులోంచి పొగ వత్తాది," అన్నాడు తాతబాబు. "మునుపు పొద్దున్నే ఒక లారీ వచ్చీది, అంతే. ఇప్పుడు రెండు. రెండోది మజ్జానం వత్తంది. ఈ ఆడోళ్ళకి నాను సెప్తానే ఉన్నాను, అక్కడ కూకోకండర్రా అని. మరెక్కడికి పోతారు, పాపం."

"మరి మీరు పై వాళ్ళకి చెప్పలేదా?"

"నాకేటి తెలుసు సెల్లెమ్మా? కంప్యూటర్లో అంతా పచ్చగా ఉందంతన్నారు గదా, ఎవులో సూత్తన్నారనుకున్నాను." అతను గోడవైపు చూసి నవ్వాడు, బెంగగా. "మా బావే ఉంటే ఊరుకునీవోడా! నీకు తెల్దేమో గానీ, ఈ గోడ దగ్గిర ఎవులైనా కూకుంతారా అని తేల్సుకోడానికి, అన్నం బాక్సు అట్టుకొచ్చి ఇక్కడే కూకున్నాడు. ఒక రోజు కాదు, వారం. నాను ఎగతాళి సేసేను కూడా, బావా నీకు పెళ్ళాం ఇంట్లో సోటివ్వలేదా అని. 'రాత్తే నిజం రాయాల్రా' అన్నాడు."

సూర్యకళకు ఆ వారం గుర్తొచ్చింది. పొద్దున కట్టిన బాక్సుకి సాయంత్రం ఇసక అంటుకుని వచ్చేది. ఎక్కడ కూర్చుని తింటున్నావని అడిగితే నవ్వాడే గానీ చెప్పలేదు. విసుక్కుంటూ ఇసక కడిగేది.

అప్పుడు తెలిసింది ఆమెకు, తను చేసిందేమిటో. అతను వారం రోజులు ఇక్కడ కూర్చుని సంపాదించుకున్న మాట అది. నాను సూసినాను. ఆ మాటనే, అడుగు బయట పెట్టకుండా, ఫ్యాను కింద కూర్చుని, ఏడుసార్లు అతని నోట పెట్టింది. అతన్ని బతికించుకుంటున్నాననుకుంది. బతికున్నన్నాళ్ళూ ఒక్క అబద్ధం రాయనివాడితో పోయాక అబద్ధమాడించింది. ఆ అబద్ధం కింద కూర్చునే పదకొండు మంది అన్నం తిన్నారు. ఆమెకు సిగ్గేసింది. ఎన్నడూ లేనంత దిగులేసింది.

తిన్నగా కృష్ణంరాజు గదికి వెళ్ళి, దాచకుండా అంతా చెప్పేసింది. స్కూటరు నంబరుతో సహా.

కృష్ణంరాజు చెడ్డమనిషి కాదు. కళ్ళజోడు సర్దుకుని ప్రమాదాల పట్టిక తెరిచారు. మూడేళ్ళుగా నెలనెలా ఆ పట్టిక మీద సంతకం పెట్టింది ఆయనే. ఓనర్ గడిలో పోయినవాడి పేరుందని ఆయనా చూడలేదు.

"ఆ ఆడవాళ్ళని ఇవాళే అక్కణ్ణించి లేపించేస్తానమ్మా," అన్నారు. "గోడ దగ్గర తాడు కట్టిస్తాను. కానీ కంప్యూటర్లో ఇప్పుడేమీ ముట్టుకోకండి. పదిహేడో తారీఖున ఆడిట్. అది అయ్యాక నెమ్మదిగా పేరు మార్చేద్దాం."

"ఆడిట్ వాళ్ళకి పచ్చగానే కనబడుతుంది గదండీ."

"అందుకే చెబుతున్నాను. ఇప్పుడు ఎర్రబడిందంటే ఎందుకని అడుగుతారు. మూడేళ్ళు ఎవరు నొక్కారని అడుగుతారు. నాకు మెమో వస్తుంది, అది వేరే సంగతి. మీకు ఉద్యోగమే పోవచ్చు. ఆయన పోయాడని దయతలచి ఇచ్చిన ఉద్యోగం, ఆయన పేరుతోనే దొంగతనంగా..." ఆయన మాట పూర్తిచేయలేకపోయారు. "మీకు ఎవరున్నారమ్మా? ఆలోచించుకోండి."

ఎవరున్నారు! చీపురుపల్లిలో అన్న ఉన్నాడు, పండక్కి ఫోన్ చేస్తాడు. ఉద్యోగం పోతే ఆ అన్న ఇంట్లో వదిన చూపుల కింద బతకాలి. ఆమె మెట్ల కింద గదిలోకి వచ్చి కూర్చుంది. సార్ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. తాడు కడతారు, ఆడవాళ్ళు లేస్తారు. వారం ఓపిక పడితే అంతా సర్దుకుంటుంది. ఈలోగా ఇంకో సోమవారం వస్తుంది, ఇంకొక్క ఉత్తరం.

ఆ ఆశ దగ్గరే తనను తాను పట్టుకుంది. ఉద్యోగానికి భయపడుతున్నానని అనుకుంటోంది గానీ, అసలు భయం అది కాదు. ఆ పేరు పోతుందని. వారం ఆగితే నెల ఆగొచ్చు, నెల ఆగితే ఏడాది. తాడు కట్టించేది ఇవాళ. రేపు గాలికి తెగితే, కట్టించమని అడిగే ఓనరు ఎవరు? తెర మీద పచ్చగా మెరుస్తున్న ఒక పోయినవాడు.

అర్జునరావు పాస్‌వర్డు కొట్టలేదు. తన సొంత పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళింది. సెక్షన్ పనికోసం ఏ నంబరైనా మార్చే అధికారం ఆమెకు మొదటినుంచీ ఉంది. తొమ్మిదో నంబరు తెరిచి 'ఛేంజ్' నొక్కింది. ఎవరికి దెబ్బ అన్న గడిలో, ఎవరికీ లేదు అన్నది తీసేసి, పదకొండు మందికి అని కొట్టింది. ఎంత దెబ్బ అన్న గడిలో అన్నిటికంటే పెద్దది పెట్టింది. కొత్త ఓనర్ ఎవరని అడిగింది కంప్యూటరు. తన పేరు కొట్టింది.

వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. ఇది వస్తుందని ఆమె అనుకోలేదు. "ఈ ఓనర్ పేరు మీద మరో పదమూడు ఉన్నాయి. అవి కూడా మార్చాలా?"

పదమూడు. ఒక్కటి పోతే పదమూడు ఉంటాయిలే అని లోపల ఎక్కడో లెక్కేసుకుని ఉంది కాబోలు, ఆ ప్రశ్న చూడగానే మీట మీంచి వేలు తీసేసింది. నో నొక్కొచ్చు. ఒక్క గోడ సంగతే గదా తేలింది. కానీ మిగతా పదమూడు చోట్లా ఏ నీడలో ఎవరు కూర్చుని తింటున్నారో ఆమెకు తెలియదు. అతనికి తెలిసేది. ఇప్పుడు ఎవరికీ తెలియదు.

ఒక కాగితం తీసుకుని అతని మాటలు పద్నాలుగూ రాసుకుందామని పెన్ను పట్టుకుంది. మళ్ళీ కింద పెట్టేసింది. అన్నీ నోటికొచ్చు.

"యెస్" నొక్కింది. కొత్త ఓనర్ ఇంకా చూడలేదని పద్నాలుగు వరసలూ ఒక్కసారి ఎర్రబడ్డాయి. వెతికే గడిలో అర్జునరావు అని కొట్టి చూసింది. ఆ పేరుతో ఏమీ లేవని వచ్చింది. సూర్యకళ బల్ల మీద తల పెట్టుకుంది. భర్త పోయినరోజు ఇంటినిండా జనం ఉన్నారు. ఈసారి ఎవరూ లేరు.

కాసేపటికి లేచి మొహం తుడుచుకుని, ఖాళీగా ఉన్న రిమార్కుల గడిలో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టింది. "ఈ గోడ పక్కన పదకొండు మంది ఆడవాళ్ళు అన్నం తింతన్నారు. నాను సూసినాను."

పద్నాలుగు ఎర్ర వరసలూ పైవాళ్ళ కళ్ళబడి, శుక్రవారం ఆమెకు మెమో వచ్చింది. వేరేవాళ్ళ పేరుతో ఎందుకు నొక్కావో రాసిమ్మన్నారు. దాచకుండా రాసిచ్చింది. కృష్ణంరాజుకీ వచ్చింది. ఆయన రెండ్రోజులు ఆమెతో మాట్లాడలేదు. శనివారం పాత సైకిల్ స్టాండుకి రేకు కప్పించి ఆడవాళ్ళకిచ్చారు. ఉద్యోగం సంగతి ఆడిట్ అయ్యాక చూస్తామన్నారు. ఆ మధ్యాహ్నం పోతమ్మ తలుపు దగ్గర నిలబడి, "అన్నం తెచ్చుకున్నావా? ఒక్కద్దానివే ఏటి తింతావు, మా కాడికి రా," అంది. సూర్యకళ వెళ్ళలేదు. చిలకమ్మ చెయ్యి అతుక్కునేదాకా వాళ్ళ మధ్య కూర్చోవడానికి మనసొప్పలేదు.

సోమవారం ఆమె మామూలు వేళకే వచ్చింది. చీర కొంగుతో తెర మీది దుమ్ము తుడిచి, కంప్యూటరు తెరిచింది. అతని ఉత్తరం రాదని తెలుసు, అయినా కళ్ళు అటే పోయాయి.

ఉత్తరం ఉంది.

"డియర్ సూర్యకళ, మీ పేరు మీద పద్నాలుగు ప్రమాదాలు ఉన్నాయి. వాటిలో పదమూడు ఇంకా చూడలేదు."

ఉద్యోగంలో చేరాక ఆమెకని వచ్చిన ఉత్తరాలు రెండే, శుక్రవారం నాటి మెమో, ఇదీ. ఆమె అలవాటు ప్రకారం రెండుసార్లు చదువుకుంది. తర్వాత హెల్మెట్ పెట్టుకుని, అన్నం బాక్సు చంకన పెట్టుకుని, ఒకటో నంబరు ఎక్కడుందో తాతబాబుని అడగడానికి బయల్దేరింది.